వానాకాలంలో ఫైబర్ తడిముద్ద, మందు గంటలో ఖాళీ: పీవీఏ–కైటోసాన్ మ్యాట్‌కి సాయం కావాలి

పీహెచ్‌డీ_ఎప్పటికో
విశాఖలో మా ల్యాబులో, పుండు మీద కట్టే డ్రెస్సింగ్ కోసం ఎలక్ట్రోస్పిన్నింగ్ చేస్తున్నా. అంటే హైవోల్టేజ్‌తో సూదిలోంచి పాలిమర్ సొల్యూషన్‌ని సన్నటి ఫైబర్‌గా లాగి, ఫాయిల్ మీద మ్యాట్‌లా పేర్చడం. పీవీఏ (నీళ్లలో కరిగే పాలిమర్, మాలిక్యులర్ వెయిట్ 89,000–98,000, 99 శాతం హైడ్రోలైజ్డ్) నీళ్లలో 10 శాతం. కైటోసాన్ (రొయ్య పెంకుల నుంచి తీసే పాలిమర్) 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో 3 శాతం. రెండూ 80:20 లెక్కన కలిపి, పాలిమర్ బరువులో 5 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ హైడ్రోక్లోరైడ్ (యాంటీబయాటిక్) వేస్తున్నా. 18 కేవీ, గంటకు 0.5 ఎంఎల్, 21 గేజ్ సూది, ఫాయిల్‌కి దూరం 12 సెంటీమీటర్లు. ఫిబ్రవరిలో ఇవే సెట్టింగులతో 250 నానోమీటర్ల ఫైబర్ నున్నగా వచ్చింది. జూన్ దాటాక ఫాయిల్ మీద తడి మచ్చలు. ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) చూస్తే ఎక్కడికక్కడ బీడ్స్ (పూసల్లాంటి ఉబ్బులు), ఫైబర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి వల కాస్తా పొరలా అయిపోయింది. సొల్యూషన్ అదే బాటిల్.

రెండోది. ఫిబ్రవరి నాటి మంచి మ్యాట్‌నే పీబీఎస్‌లో (ఒంటి ద్రవాల్లాంటి ఉప్పు బఫర్) వేస్తే గంటలో 80 శాతం మందు బయటికొచ్చేసింది, మ్యాట్ జిగురైపోయింది. క్రాస్‌లింకింగ్ (మ్యాట్ నీళ్లలో కరగకుండా పాలిమర్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టడం) ఇంకా చెయ్యలేదు. గైడ్ గారికి 72 గంటల కంట్రోల్డ్ రిలీజ్ కావాలి, అంటే మందు అంతసేపూ మెల్లగా రావాలి. డీహ్యుమిడిఫయర్ కొంటే రెండూ సర్దుకుంటాయా?

టేలర్‌కోన్
రెండూ వేరే జబ్బులు. డీహ్యుమిడిఫయర్ మొదటిదానికే పనికొస్తుంది, అదీ సగమే. స్పిన్ చేసే పెట్టె లోపల హ్యుమిడిటీ ఎంత?

పీహెచ్‌డీ_ఎప్పటికో
గదిలో 78. పెట్టె లోపల కొలవలేదు. ఏసీ 24లో ఉంటుంది.

కంచరపాలెం_కెమ్
78 అంటే మన ఊళ్లో పొడి రోజే గురూ.

టేలర్‌కోన్
నీళ్ల సొల్యూషన్‌కి అంత తేమలో జెట్ (సూది నుంచి వచ్చే సన్నటి ధార) ఆరదు. సూది దగ్గర్నుంచి ఫాయిల్ దాకా సెకనులో చిన్న ముక్కంత టైమే ఉంటుంది, ఆలోపే నీళ్లన్నీ ఎగిరిపోవాలి. గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటే ఫైబర్ తడిగానే దిగి, పక్కదానితో కలిసిపోతుంది. పీవీఏకి 35–45 శాతం మధ్య పెట్టుకో. మరీ 25కి దించితే సూది మొన దగ్గరే ఎండి మూసుకుంటుంది, అప్పుడింకో థ్రెడ్ తెరవాల్సొస్తుంది.

హైగ్రోమీటర్ పెట్టె లోపల గోడకి ఆనించి పెట్టు, సూదికి దూరంగా. హైవోల్టేజ్ దగ్గర డిజిటల్ సెన్సర్లు పిచ్చి రీడింగులు చూపిస్తాయి, ఒక్కోసారి కాలిపోతాయి. పవర్ ఆపి చదువుకోవడం మేలు.

సూది_మొన
డీహ్యుమిడిఫయర్ దాకా అక్కర్లేదు. ఫ్లో 0.2కి దించి, దూరం 17–18 సెంటీమీటర్లకి పెంచితే ఆరడానికి టైము దొరుకుతుంది. మా దగ్గర ఆగస్టు అంతా అలాగే నడుస్తుంది.

టేలర్‌కోన్
60 దాకా అయితే నడుస్తుంది, ఒప్పుకుంటా. 78లో దూరం పెంచితే ఫీల్డ్ తగ్గుతుంది, దానికోసం కేవీ పెంచాలి, కేవీ పెంచితే ఆ తేమగాలిలో సూది చుట్టూ కరోనా (గాల్లోకి చార్జ్ లీకవడం) మొదలవుతుంది. లైట్లు ఆపి చూడు, మొన దగ్గర ఊదారంగు మెరుపు, చిన్నగా చిటపట. పైగా 0.2 ఫ్లోతో ఒక డ్రెస్సింగ్ తియ్యాలంటే ఎన్ని గంటలో లెక్కేశావా?

హెచ్‌వీ_మేస్త్రి
ఏసీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. కంప్రెసర్ తిరిగినంతసేపు తేమ లాగుతుంది. ఆగిందా, కాయిల్ మీదున్న తడినే ఫ్యాన్ మళ్లీ గదిలోకి ఊదుతుంది. పెట్టెలో సెన్సర్ పెట్టి నిమిషానికోసారి రాసుకుంటే గ్రాఫ్ రంపం పళ్లలా కనిపిస్తుంది. ఒకే మ్యాట్‌లో ఒక పొర బాగుండి, దాని మీది పొర అతుక్కుపోయి ఉంటే కారణం సగం సార్లు ఇదే. పైనుంచి మాత్రమే ఎస్‌ఈఎం తీస్తే ఇది దొరకదు, అడ్డంగా కోసి చూడాలి.

ఖర్చు లేని మార్గం: పెట్టెలో గాలిని వేడెక్కించడం. 28 డిగ్రీల్లో 80 శాతం ఉన్న గాలిని అలాగే 35కి తీసుకెళ్తే 54 దగ్గరికొస్తుంది, 38కి పెంచితే 46. నీళ్లు ఎక్కడికీ పోలేదు, గాలి పట్టే శక్తి పెరిగిందంతే. 60 వాట్ల బల్బు, రెండు కిలోల సిలికాజెల్, మూత సందులకి ఫోమ్ టేప్. చిన్న పెట్టెకి సరిపోతుంది. కానీ ఇది నీళ్ల సొల్యూషన్‌కి మాత్రమే. డీఎంఎఫ్, అసిటోన్ లాంటి మండే సాల్వెంట్లు తిప్పేటప్పుడు పెట్టెలో వేడి బల్బు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, సముద్రం పక్క ల్యాబుల్లో అందరూ వదిలేసేది. యాక్రిలిక్ స్టాండు మీద ఉప్పు పొర పేరుకుంటుంది. ఎండగా ఉంటే ఏం కాదు. తేమ పట్టగానే ఆ పొర మీదుగా కరెంటు స్టాండులోకి పాకుతుంది. సప్లై 18 కేవీ అనే చూపిస్తుంది గానీ జెట్ మాత్రం సరిగా లాగదు. మైక్రోఆంపియర్ మీటర్ ఉంటే చూడు. ఒక్క సూది జెట్‌కి మామూలుగా ఒకటీ రెండు మైక్రోఆంపియర్లకి మించి పోదు. పదులు చూపిస్తోందంటే లీకే. తడిగుడ్డతో స్టాండు మీది ఉప్పు తుడిచి, పూర్తిగా ఆరాక ఆన్ చెయ్యి. ఆఫ్ చేశాక సూదిని ఎర్త్ కడ్డీతో తాకించకుండా చెయ్యి పెట్టొద్దు.

రొయ్యపొట్టు
అందరూ గాలి మీద పడ్డారు. "సొల్యూషన్ అదే బాటిల్" అన్న మాట ఎవరూ పట్టించుకోలేదేటి?

ఫిబ్రవరిలో కలిపిన కైటోసాన్ జూన్‌లో అదే కైటోసాన్ కాదు. యాసిడ్‌లో కూర్చున్న కొద్దీ గొలుసులు మెల్లగా తెగుతాయి, విస్కాసిటీ పడిపోతుంది. విస్కాసిటీ పడితే గొలుసుల చిక్కుముడి చాలదు, బీడ్స్ వస్తాయి. అటు 99 శాతం హైడ్రోలైజ్డ్ పీవీఏ ఇంకో రకం. నిలవ ఉంటే లోపల్లోపల గట్టిపడి చిన్న జెల్ ముద్దలు కడుతుంది. అవి సూదిలో అడ్డం పడి ఫ్లో తెగి తెగి వస్తుంది, ఆ తెగినప్పుడు పడే చుక్కలే నీ ఫాయిల్ మీది మచ్చల్లో కొన్ని.

కొత్త సొల్యూషన్ ఒకటి చెయ్యి. పీవీఏని ముందు చల్లటి నీళ్లలో కలియబెట్టి పొడి మొత్తం తడిశాక, 90 డిగ్రీలకి పెంచి రెండు మూడు గంటలు తిప్పు. నేరుగా వేడి నీళ్లలో పోస్తే పైపై తడిసి లోపల పొడి ఉండలు మిగులుతాయి. మూత పెట్టు, లేకపోతే నీళ్లు ఆవిరై 10 శాతం కాస్తా 11 అవుతుంది. చల్లారాక కైటోసాన్ కలుపు. కైటోసాన్‌ని మాత్రం రాత్రంతా గది వేడిలోనే తిప్పి, కరగని నలకల కోసం సెంట్రిఫ్యూజ్ చేసి పైది తీసుకో.

తర్వాత పాతదీ కొత్తదీ రెండూ పొడి పెట్టెలో తిప్పు. పాతది అక్కడా బీడ్స్ ఇస్తే తప్పు గాలిది కాదు.

పీహెచ్‌డీ_ఎప్పటికో
బాటిల్ ఫ్రిజ్‌లోనే ఉంది మరి.

రొయ్యపొట్టు
ఫ్రిజ్‌లో కైటోసాన్ విరగడం నెమ్మదిస్తుంది. పీవీఏ జెల్ కట్టడం మాత్రం చల్లదనంలో ఇంకా జోరందుకుంటుంది. వారం దాటినది స్పిన్ చెయ్యకు.

కంచరపాలెం_కెమ్
ఫ్రిజ్‌లో ఆవకాయ పక్కన పెట్టావా?

గోపాలపట్నం_గ్రాడ్
కైటోసాన్ ఎక్కడిది? ఊరి చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లే కదా, లోకల్‌గా చవగ్గా దొరుకుతోంది, అదే వాడొచ్చా?

రొయ్యపొట్టు
దొరికేది ఎక్కువగా వ్యవసాయం, నీళ్ల శుద్ధి గ్రేడు. పుండు మీద పెట్టే దానికి కాగితం మీద నాలుగు అంకెలు అడగాలి: డీఎసిటైలేషన్ (పెంకులోని కైటిన్ నుంచి ఎసిటైల్ గుంపులు ఎంత శాతం పోయాయో), విస్కాసిటీ, బూడిద, మిగిలిన ప్రొటీన్. బూడిద ఒక శాతం లోపుండాలి. పెంకులో కాల్షియం సరిగా తీయకపోతే అది పెరుగుతుంది, సొల్యూషన్ కండక్టివిటీ బ్యాచ్ బ్యాచ్‌కీ మారిపోతుంది, నీ కేవీ సెట్టింగు ప్రతిసారీ మార్చుకోవాలి. డీఎసిటైలేషన్ 85 శాతం పైన ఉంటే యాసిడ్‌లో తేలిగ్గా కరుగుతుంది. సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) వాళ్ల పరిశోధన కేంద్రం మన ఊళ్లోనే ఉంది. కైటిన్, కైటోసాన్ మీద వాళ్లది పాత పని. గ్రేడ్ల గురించి అడగాలంటే అక్కడ అడగండి.

పోస్ట్ పెట్టినాయనకి ఇంకో మాట. నీ 80:20 వాల్యూమ్ లెక్క. 80 ఎంఎల్‌లో పీవీఏ 8 గ్రాములు, 20 ఎంఎల్‌లో కైటోసాన్ 0.6 గ్రాములు. ఎండాక 93:7. థీసిస్‌లో "20 శాతం కైటోసాన్" అని రాస్తే వైవాలో పట్టుకుంటారు. ఆ 7 శాతానికి క్రిములు చంపే గొప్ప గుణం ఆపాదించినా పట్టుకుంటారు.

సూది_మొన
కైటోసాన్ పెంచాలనుకుంటే ఎండిన బరువులో 25–30 దాటాక పీవీఏ ఒక్కటే మొయ్యలేదు. గొలుసు నిండా పాజిటివ్ చార్జ్, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, జెట్ చీలిపోతుంది. మాలిక్యులర్ వెయిట్ 9 లక్షల పీఈఓ (పొడవాటి గొలుసుల ఇంకో పాలిమర్) కొంచెం వేస్తే నిలబడుతుంది.

పరవాడ_ఫార్మా
రిలీజ్ సంగతికొద్దాం. 72 గంటలు అని రాసేముందు నీ 80 శాతం ఎలా వచ్చిందో చెప్పు. ఎంత మ్యాట్, ఎంత పీబీఎస్, భాగించింది దేనితో?

పీహెచ్‌డీ_ఎప్పటికో
20 మిల్లీగ్రాముల మ్యాట్, 20 ఎంఎల్ పీబీఎస్ పీహెచ్ 7.4, 37 డిగ్రీలు, 100 ఆర్‌పీఎం షేకర్. గంటకోసారి 1 ఎంఎల్ తీసి 1 ఎంఎల్ కొత్తది పోస్తున్నా. యూవీ 276 నానోమీటర్లు. వేసిన మందు లెక్కతో భాగించాను.

పరవాడ_ఫార్మా
ఇందులో నాలుగు చోట్ల చూసుకోవాలి.

భాగహారం. వేసిన మందు కాదు, మ్యాట్‌లో నిజంగా ఉన్న మందు కావాలి. ఇంకో ముక్క తూచి పూర్తిగా కరిగించి కొలువు, మధ్య నుంచీ అంచు నుంచీ విడివిడిగా. ఖాళీ పీవీఏ–కైటోసాన్ మ్యాట్‌ని కూడా అలాగే కరిగించి బ్లాంక్ తీసుకో. పాలిమర్ నురగా మసకా 276 దగ్గర కొంత చదువుతాయి.

తీసిన ఎంఎల్. ప్రతిసారీ 1 ఎంఎల్‌తో పాటు కొంత మందు బయటికి తీసేస్తున్నావు. ఇప్పటి గాఢతని 20తో గుణించి, ఇంతకుముందు తీసిన ప్రతి ఎంఎల్‌లోని మందు మొత్తం దానికి కలపాలి. ఇది మరిస్తే చివర్లో గ్రాఫ్ కిందికి వంగినట్టు కనిపిస్తుంది, దానికి జనం "రీ-అడ్సార్ప్షన్" అని పేరు పెడతారు.

టైము. మొదటి రీడింగే గంటకైతే బర్స్ట్ (మొదట్లోనే మందు ఒక్కసారిగా రావడం) మొత్తం నీ కళ్లకి కనపడకుండానే అయిపోయింది. 5, 10, 15, 20, 30 నిమిషాలకి తియ్యి. కోర్స్‌మేయర్–పెప్పాస్ గీత (మందు ఏ పద్ధతిలో బయటికొస్తోందో చెప్పే సమీకరణం) మొదటి 60 శాతం రిలీజ్‌కే చెల్లుతుంది, సిలిండర్ ఆకారానికి ఎన్ విలువ 0.45 అయితే ఫికియన్, అంటే ఉత్త వ్యాపనం. 60 లోపు ఒక్క పాయింటు కూడా లేకుండా ఆ గీత గీస్తే అది అలంకారమే.

నాలుగోది సింక్ కండిషన్, అంటే బయటి ద్రవం మందుతో నిండిపోకుండా ఉండటం. ఇదే అసలైనది. సిప్రోఫ్లాక్సాసిన్ హైడ్రోక్లోరైడ్ మామూలు నీళ్లలో బాగానే కరుగుతుంది. పీహెచ్ 7.4 దగ్గర మాత్రం దాని ద్రావణీయత అడుగుకి చేరుతుంది, ఎంఎల్‌కి 0.1–0.2 మిల్లీగ్రాముల దగ్గర. నీ 20 మిల్లీగ్రాముల మ్యాట్‌లో మందు దాదాపు 1 మిల్లీగ్రాము. 20 ఎంఎల్‌లో 0.05. గాఢత ద్రావణీయతలో మూడో వంతు దాటకూడదనే నియమం ప్రకారం హద్దు మీదున్నావు. 50 ఎంఎల్ తీసుకో.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడు. 10 × 10 సెంటీమీటర్ల డ్రెస్సింగ్, చదరపు మీటరుకి 20 గ్రాములు, అంటే 200 మిల్లీగ్రాముల మ్యాట్. మందు 9.5 మిల్లీగ్రాములు. పుండు మీద ఉండేది 50 ఎంఎల్ కాదు, ఒకటి రెండు ఎంఎల్ రసి. మానని పుండ్ల రసి పీహెచ్ 7 పైనే ఉంటుంది. ఆ 2 ఎంఎల్‌లో కరిగేది ఏ 0.4 మిల్లీగ్రాములో, మిగిలినది బేస్‌గా మారి మ్యాట్‌లోనే పొడిలా కూర్చుంటుంది. బీకరులో గంటలో 80 శాతం వచ్చింది కదా అని పుండులోనూ వస్తుందనుకోవడం, బీకరులో 72 గంటలు సాగింది కదా అని పుండులోనూ సాగుతుందనుకోవడం, రెండూ ఒకటే. ఫ్రాంజ్ సెల్‌లో (పైన మ్యాట్, కింద ద్రవం ఉండే గాజు పరికరం) కింద తక్కువ వాల్యూమ్ పెట్టి ఒకసారి చెయ్యి, బీకరు గ్రాఫు పక్కన పెట్టు.

టేలర్‌కోన్
ఈ ఒక్క పోస్టు పిన్ చెయ్యాలి.

ఎంవీపీ_మైక్రోబ్స్
దీనికి అనుబంధం. జోన్ ఆఫ్ ఇన్హిబిషన్ (మందు చుట్టూ క్రిములు పెరగని వలయం) పెట్టి "స్టాండర్డ్ డిస్క్ కన్నా మా మ్యాట్ మేలు" అని రాయొద్దు. స్టాండర్డ్ సిప్రో డిస్క్‌లో 5 మైక్రోగ్రాములుంటాయి. చదరపు మీటరుకి 10 గ్రాముల పలచటి మ్యాట్ నుంచి 6 మిల్లీమీటర్ల బిళ్ల కోసినా దాని బరువు 0.28 మిల్లీగ్రాములు, అందులో మందు 13 మైక్రోగ్రాముల పైనే. జోన్ పెద్దది రాక ఏమవుతుంది? మందు లేని మ్యాట్, 13 మైక్రోగ్రాములు చుక్క వేసిన ఖాళీ పేపర్ డిస్క్, రెండూ అదే ప్లేటులో ఉండాలి. 72 గంటల మాట అంటున్నావు కాబట్టి అదే బిళ్లని రోజూ కొత్త ప్లేటుకి మార్చు. మూడో రోజు కూడా జోన్ వస్తే అప్పుడు మాట్లాడదాం.

గోపాలపట్నం_గ్రాడ్
సిప్రో బదులు జెంటామైసిన్ వేస్తే ఈ కరగని గోల ఉండదు కదా?

పరవాడ_ఫార్మా
ఉండదు. కానీ దానికి యూవీలో పీక్ ఉండదు, ఓపీఏ లాంటి రసాయనంతో డెరివటైజ్ చేసి, అంటే యూవీకి కనిపించేలా మార్చి కొలవాలి. పైగా నిండా అమీన్లు. గ్లూటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేస్తే మందు కూడా పాలిమర్‌కే కట్టుబడిపోతుంది.

కర్క్యుమిన్ పెట్టేవాళ్లకి కూడా ఇక్కడే చెప్పేస్తా. 37 డిగ్రీల్లో న్యూట్రల్ ఫాస్ఫేట్ బఫర్‌లో అది అరగంటలోనే చాలా వరకు విరిగిపోతుంది. "రిలీజ్ ఆగిపోయింది" అనిపించేది చాలాసార్లు విరగడమే. సిల్వర్ నైట్రేట్ వాళ్లు పీబీఎస్‌లో పెట్టకండి, క్లోరైడ్ తగలగానే సిల్వర్ క్లోరైడ్‌గా అడుగున దిగిపోతుంది.

పీహెచ్‌డీ_ఎప్పటికో
సరే, మ్యాట్ కరగకుండా ఉండాలంటే గ్లూటరాల్డిహైడ్ ఆవిరి పెట్టనా? అందరూ అదే రాస్తున్నారు.

సూది_మొన
అదే సులువు. డెసికేటర్ అడుగున 25 శాతం ద్రావణం 10 ఎంఎల్, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ యాసిడ్, జాలీ మీద మ్యాట్, 24 గంటలు. తర్వాత 40 డిగ్రీల వ్యాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా.

రొయ్యపొట్టు
నాకిది నచ్చదు. 25 శాతం ద్రావణం అంటే మిగతాది నీళ్లే. గ్లూటరాల్డిహైడ్ ఆవిరితో పాటు నీటి ఆవిరీ ఎక్కుతుంది, క్రాస్‌లింక్ అయ్యేలోపే ఫైబర్లు ఉబ్బి కలిసిపోతాయి. మ్యాట్ నిలిచింది అని సంబరపడి ఎస్‌ఈఎం తీస్తే పొర కనిపిస్తుంది. మిగిలిపోయిన ఆల్డిహైడ్ కణాల్ని చంపుతుంది. ఐఎస్ఓ 10993-5లో (కణాలకి విషమా కాదా చూసే ప్రమాణ పరీక్ష) బతికిన కణాలు 70 శాతం కిందకి పడితే ఫెయిల్, చాలా మ్యాట్లు పోయేది ఇక్కడే. గ్లైసిన్‌తో కడగాలంటే ఆ కడుగుడులో మందూ పోతుంది.

సిట్రిక్ యాసిడ్ చూడు. పాలిమర్ బరువులో 5–10 శాతం సొల్యూషన్‌లోనే కలిపేసి, స్పిన్ చేశాక 140 డిగ్రీల పొడి ఓవెన్‌లో గంట, గంటన్నర. ఎస్టర్ కడుతుంది. నీది 99 శాతం గ్రేడు కాబట్టి ఆ వేడికి పీవీఏ స్ఫటికత కూడా పెరిగి నీళ్లకి తట్టుకుంటుంది. కైటోసాన్ ఉంది గనక లేత పసుపు వస్తుంది, ముదురు గోధుమ వస్తే ఎక్కువైనట్టు. అంత వేడి తర్వాత మందు చెడకుండా ఉందో లేదో హెచ్‌పీఎల్‌సీలో (కలిసున్న పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) చూడాలి, యూవీ చాలదు. విరిగిన ముక్కలు కూడా 276 దగ్గర చదవొచ్చు.

సూది_మొన
ఆవిరి పద్ధతిలో ముందు అరగంట మ్యాట్‌ని 60 డిగ్రీల్లో ఎండబెట్టి పెడితే అంత ఉబ్బదు. కానీ సైటోటాక్సిసిటీ మాట నిజమే.

టేలర్‌కోన్
ఏ పద్ధతైనా జెల్ ఫ్రాక్షన్ కొలవకుండా "క్రాస్‌లింక్ అయింది" అనొద్దు. ఎండు బరువు తీసి, 37 డిగ్రీల నీళ్లలో 24 గంటలు నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి తూచు. 85–90 శాతం మిగలాలి. దీనికి మందు లేని మ్యాట్ వాడు. తర్వాత నానిన మ్యాట్‌ని ఫ్రీజ్ డ్రై చేసి ఎస్‌ఈఎం తియ్యి. పొడి ఫొటోలు అందరి దగ్గరా అందంగానే ఉంటాయి.

పరవాడ_ఫార్మా
క్రాస్‌లింక్ చేసినా బర్స్ట్ పోదు, ముందే చెప్తున్నా. మ్యాట్ కరగదంతే. ఉబ్బిన పీవీఏలోంచి సిప్రో అంత చిన్న అణువు హాయిగా నడుచుకుంటూ వచ్చేస్తుంది. ఫైబర్ సన్నం కాబట్టి నడవాల్సిన దూరం వందల నానోమీటర్లే. నెమ్మదించాలంటే నీళ్లు తొందరగా చొరబడని గోడ కావాలి, పీసీఎల్ గానీ పీఎల్‌జీఏ గానీ, నీళ్లలో కరగని పాలిమర్లు.

గోపాలపట్నం_గ్రాడ్
కోయాక్సియల్ సూదితోనా, అంటే సూదిలో సూది?

సూది_మొన
కోయాక్సియల్ చెప్పినంత తేలిక కాదు. లోపల మందున్న పీవీఏ గంటకు 0.2 ఎంఎల్, బయట పీసీఎల్ 0.8–1. బయటిది ఎప్పుడూ ఎక్కువే ఉండాలి, లేకపోతే కోర్ బయటికి తన్నుకొస్తుంది. బయటి సొల్యూషన్ ఒక్కటే తిప్పినా స్పిన్ అవ్వాలి, లోపలిది అవ్వకపోయినా పర్లేదు. గోల ఎక్కడంటే రెండు ద్రవాలు కలిసే చోట. పీసీఎల్‌ని డీఎంఎఫ్ ఉన్న సాల్వెంట్‌లో కరిగిస్తే లోపలి నీళ్లు తగిలిన చోట పీసీఎల్ గడ్డకట్టి మొన మూసుకుపోతుంది. ట్రైఫ్లూరోఇథనాల్ వాడితే కాస్త నయం, ధర మాత్రం ఏడిపిస్తుంది.

అంతకన్నా శాండ్‌విచ్ చెయ్యి. కింద పీసీఎల్, మధ్యలో మందు పొర, పైన మళ్లీ పీసీఎల్. 12 శాతం పీసీఎల్ (80,000), క్లోరోఫామ్–డీఎంఎఫ్ 7:3, 15 కేవీ, గంటకు 1 ఎంఎల్, 15 సెంటీమీటర్లు. ఒక పొర ఆపి ఇంకోటి మొదలుపెడితే తడవగానే పొరలు విడిపోతాయి. మారేటప్పుడు పది నిమిషాలు రెండు సూదులూ కలిపి నడపాలి.

హెచ్‌వీ_మేస్త్రి
ఆ పది నిమిషాలే కాదు, పీసీఎల్ తిప్పినంతసేపూ బల్బు ఆఫ్. మళ్లీ చెప్తున్నా.

టేలర్‌కోన్
శాండ్‌విచ్‌లో ఒక చిక్కుంది. పీసీఎల్ ఫైబర్ మ్యాట్ మీద నీటి చుక్క 120–130 డిగ్రీల కోణంతో నిలబడుతుంది. పుండు వైపు అదే పెడితే రసి లోపలికి పోదు. మందూ రాదు, పీల్చుకోవడమూ ఉండదు. పుండు వైపు పొరలో జెలటిన్ కలిపి పలచగా, గాలి వైపు పీసీఎల్ మందంగా. ఆ మందంతోనే రిలీజ్‌ని ఆడించొచ్చు.

వార్డు_సిస్టర్
ఇంతసేపూ చదివాను. ఏ పుండుకో ఒక్కరూ అడగలేదు.

పీహెచ్‌డీ_ఎప్పటికో
షుగర్ పుండ్లు మేడం. సినాప్సిస్‌లో డయాబెటిక్ ఫుట్ అల్సర్ అని ఉంది.

వార్డు_సిస్టర్
అనుకున్నా. షుగర్ కాలి పుండుని 72 గంటలు మూసిపెట్టడం వార్డులో ఎవరూ ఇష్టపడరు. ఇన్ఫెక్షన్ ఉంటే రోజూ తెరిచి చూడాలి. చచ్చిన కండ తీయకుండా, కాలి మీద బరువు తగ్గించకుండా, రక్తప్రసరణ చూడకుండా పైన ఏది కట్టినా మానదు. లోతుగా ఇన్ఫెక్షన్ ఉంటే మందు నోటి ద్వారానో సెలైన్‌లోనో పోవాలి. ఐడబ్ల్యూజీడీఎఫ్ (షుగర్ పాదాల మీద అంతర్జాతీయ నిపుణుల బృందం) 2023 మార్గదర్శకాలు కూడా షుగర్ కాలి పుండు మానడం కోసం యాంటీమైక్రోబియల్ డ్రెస్సింగులు వాడొద్దనే అంటాయి.

మీ మ్యాట్ 200 మిల్లీగ్రాములు అన్నారు. తన బరువుకి పది రెట్లు పీల్చినా 2 ఎంఎల్. రసి బాగా కారే పుండుకి అది పొద్దున కడితే మధ్యాహ్నానికే నిండుతుంది. పైన ప్యాడ్ లేకుండా ఇది డ్రెస్సింగ్ అనిపించుకోదు.

ఎంవీపీ_మైక్రోబ్స్
సిస్టర్ చెప్పింది నిజం. అవసరం లేని చోట సిప్రో పెడితే రెసిస్టెన్స్ పెంచడమే మిగులుతుంది.

పరవాడ_ఫార్మా
ఒప్పుకుంటూనే చిన్న అభ్యంతరం. అతనిది థీసిస్, సిప్రో అక్కడ మోడల్ డ్రగ్. రిలీజ్ ఎలా పట్టాలో నేర్చుకోవడానికి అది మంచి మందే. సినాప్సిస్‌లో "వైద్యం" అని రాసినచోట "నమూనా" అని రాస్తే సగం గొడవ తీరుతుంది.

వార్డు_సిస్టర్
అలా అయితే పుండు కూడా మార్చుకోండి. స్కిన్ గ్రాఫ్ట్ కోసం తొడ మీంచి చర్మం తీసిన చోటు ఉంటుంది కదా, డోనర్ సైట్. శుభ్రమైన పుండు, పైపైది, అందరికీ ఒకే లోతు. ఒకసారి కట్టి పది రోజుల దాకా కదపకుండా ఉంచాలనే చూస్తాం. మామూలు గాజుగుడ్డ అంటుకుపోయి, తీసేటప్పుడు రోగి కేకలు పెడతాడు. అంటుకోకుండా, తడి నిలుపుతూ, దానంతటదే ఊడిపోయే పలచటి పొర అక్కడ కావాలి. యాంటీబయాటిక్ కన్నా నొప్పి తగ్గించే లిడోకైన్ లాంటిది కొన్ని గంటలు వచ్చినా పనికొస్తుంది.

టేలర్‌కోన్
తడి పుండు త్వరగా మానుతుందని వింటర్ 1962లో చూపించింది కూడా పందుల మీద ఇలాంటి పైపై గాయాలతోనే. దీనికి నీటి ఆవిరి పోయే వేగం కూడా కొలవాలి. చదరపు మీటరుకి రోజుకి 2000–2500 గ్రాములు బాగుంటుందని సాధారణంగా చెప్తారు. పీల్చే సామర్థ్యానికి మామూలు నీళ్లు వాడకు, లీటరులో 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలిపిన ద్రావణం వాడు. డ్రెస్సింగుల పరీక్షల యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 13726లో అదే ఉంది.

కంచరపాలెం_కెమ్
ఎలకల మీద చేసేటప్పుడు పుండు చుట్టూ సిలికాన్ రింగు కుట్టండి. ఎలక చర్మం సాగి మూసుకుపోతుంది, ఏ మ్యాట్ పెట్టినా పన్నెండో రోజుకి అద్భుతమే. జోక్ కాదు, ఈసారి నిజమే చెప్తున్నా.

గోపాలపట్నం_గ్రాడ్
స్టెరిలైజేషన్ ఎలా? యూవీ కింద అరగంట పెడితే సరిపోదా?

పరవాడ_ఫార్మా
యూవీ పై పొర దాటదు, సిప్రోని కూడా పాడుచేస్తుంది. 70 శాతం ఆల్కహాల్‌లో ముంచితే మందు పోతుంది, మ్యాట్ ముడుచుకుంటుంది. ఆటోక్లేవ్ మాట వద్దు, పీసీఎల్ 60 డిగ్రీలకే కరుగుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్‌లో అందరూ మరిచేది తేమ దశ. గ్యాస్ పంపేముందు ఛాంబర్‌ని తేమగా, వెచ్చగా చేస్తారు. క్రాస్‌లింక్ సరిగా లేని పీవీఏ మ్యాట్ అక్కడే ముడతలు పడి బయటికొస్తుంది. పొడి ప్యాకెట్లో గామా కిరణాలు 25 కిలోగ్రే నయం, కానీ కైటోసాన్ గొలుసులు తెగుతాయి. ఏది చేసినా జెల్ ఫ్రాక్షన్, రిలీజ్, బలం మూడూ స్టెరిలైజ్ చేశాకే కొలవాలి. ఇక్కడి మెడ్‌టెక్ జోన్‌లో (వైద్య పరికరాల పార్కు) టెస్టింగ్ ల్యాబులున్నాయి, శాంపిల్స్ ఇచ్చేముందు ఎన్ని చదరపు సెంటీమీటర్లు కావాలో అడుగు. అర మిల్లీమీటరు లోపు మందానికి ఎక్స్‌ట్రాక్ట్ (మ్యాట్‌ని నానబెట్టి పరీక్షకి తీసే ద్రవం) ఎంఎల్‌కి 6 చదరపు సెంటీమీటర్లు. పీల్చుకునే మ్యాట్ కాబట్టి అది తాగేసే ద్రవం వేరుగా కలపాలని ముందే చెప్పు, లేకపోతే ఎక్స్‌ట్రాక్ట్ తియ్యడానికి చుక్క మిగలదు.

టేలర్‌కోన్
ఇందాకటి గంటల లెక్క. నీ సొల్యూషన్‌లో ఘనపదార్థం 8.6 శాతం. గంటకు 0.5 ఎంఎల్ అంటే మందుతో కలిపి 45 మిల్లీగ్రాములు. 200 మిల్లీగ్రాముల డ్రెస్సింగ్‌కి నాలుగున్నర గంటలు, పక్కకి ఎగిరి పోయేది కాకుండా. 0.2 ఫ్లోతో పదకొండు గంటలు. టెస్టింగ్‌కి పది ముక్కలు కావాలంటే సూదులు నాలుగైనా పెట్టాలి, సూదికీ సూదికీ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్లు. దగ్గరైతే జెట్లు ఒకదాన్నొకటి తోసుకుని చివరి రెండు సూదులు పక్కకి కొడతాయి.

పీహెచ్‌డీ_ఎప్పటికో
ముందు కొత్త సొల్యూషన్, పాతదానితో పక్కపక్కన పొడి పెట్టెలో. పెట్టెకి సిలికాజెల్, బల్బు, లోపల సెన్సర్. స్టాండు తుడుస్తా. సిట్రిక్ యాసిడ్ 5 శాతం, 140 డిగ్రీలు, జెల్ ఫ్రాక్షన్. రిలీజ్ 50 ఎంఎల్‌లో ఐదో నిమిషం నుంచి, పక్కన ఫ్రాంజ్ సెల్. డోనర్ సైట్ మాట గైడ్ గారితో కదుపుతా, లిడోకైన్ అంటే ఏమంటారో చూడాలి. ఒక్క సందేహం మిగిలింది. మ్యాట్ ఫాయిల్ మీంచి ఊడిరావడం లేదు, పీకితే చిరుగుతోంది.

సూది_మొన
ఫాయిల్ మీద బేకింగ్‌కి వాడే సిలికాన్ పూత కాగితం పరిచి స్పిన్ చెయ్యి. పూర్ణా మార్కెట్‌లో రోల్ దొరుకుతుంది. మామూలు బటర్ పేపర్ తీసుకోకు, పూత లేనిది అంటుకుంటుంది. ఓవెన్‌లోకి కాగితంతో సహా పెట్టి, చల్లారాక ఒక మూల నుంచి పట్టకారుతో లేపు.

హెచ్‌వీ_మేస్త్రి
కాగితం ఫాయిల్‌ని పూర్తిగా కప్పేస్తే చార్జ్ పేరుకుని కాసేపటికి ఫైబర్ పక్కకి పోతుంది. అంచుల్లో రెండు సెంటీమీటర్లు ఫాయిల్ బయటికి వదిలి, దానికే ఎర్త్ క్లిప్ పెట్టు.